వింటేజ్ శైలి నిశ్చితార్థపు ఉంగరం: పాత అందాన్ని దేనిలో వెతకాలి?

క్లుప్తంగా

పాతకాలపు ఉంగరాల అందానికి పైపై నగిషీ ఒక్కటే కారణం కాదు. వజ్రాన్ని సానపట్టిన తీరు, లోహాన్ని మలచిన పద్ధతి అసలు కారణాలు. అందువల్ల వింటేజ్ శైలి ఉంగరం ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది రాయి కోత, తర్వాత తయారీ, ఆపైన రోజువారీ వాడకాన్ని తట్టుకునే బలం. ఉంగరానికి ఏ కాలం పేరు తగిలించారన్నది వీటన్నిటి తర్వాతి సంగతి.

2025 ఆగస్టులో గాయని టేలర్ స్విఫ్ట్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీ తమ నిశ్చితార్థాన్ని ప్రకటించినప్పుడు, అప్పటిదాకా నగల వ్యాపారులకే పరిచయమైన ఒక పేరు వార్తల్లోకి ఎక్కింది. ఆమె ఉంగరంలోని వజ్రం ‘ఓల్డ్ మైన్’ కోతకు చెందినదని పత్రికలన్నీ రాశాయి. పాత తరహా ఉంగరాలకు ఆదరణ అంతకు ముందు నుంచే ఉంది. ఆ వార్తతో మరింతమంది చూపు అటు మళ్లింది. దాంతో పాటే గందరగోళమూ పెరిగింది. నూరేళ్ల కిందట ఒక పనివాడు చేత్తో మలచిన ఉంగరానికీ, మొన్న యంత్రంపై పోత పోసిన ఉంగరానికీ ఇప్పుడు దాదాపు ఒకే పేరు వినిపిస్తోంది. రెండింటి ఫొటోలు పక్కపక్కన పెడితే తేడా కనిపించకపోవచ్చు. వేలికి పెట్టుకుంటే మాత్రం కనిపిస్తుంది, పదేళ్లు వాడితే ఇంకా బాగా కనిపిస్తుంది.

పాతది, పాతలా కనిపించేది

నగల వ్యాపారంలో నూరేళ్లు దాటిన వస్తువును సాధారణంగా యాంటిక్ అంటారు. అంత వయసు లేకపోయినా కనీసం రెండు మూడు దశాబ్దాల కిందటిదైతే వింటేజ్ అంటారు. ఈ రెండో గీతను ఒక్కొక్కరు ఒక్కోచోట గీస్తారు. ఎస్టేట్ నగ అన్నప్పుడు వయసుతో పని లేదు, అంతకు ముందు ఒకరి చేతిలో ఉండి వస్తే చాలు. వింటేజ్ శైలి అంటే మాత్రం పాత నమూనాలో కొత్తగా చేసినదని అర్థం. అందులో మోసం ఏమీ లేదు. కొత్త ఉంగరాన్ని పాతదని చెప్పి అమ్మినప్పుడే అది మోసం అవుతుంది.

కొత్తగా చేయించుకుంటే కొలత, లోహం, రాయి అన్నీ కోరుకున్నట్టు అమరుతాయి, మరమ్మతు పూచీ కూడా ఉంటుంది. నిజంగా పాతదైతే అలాంటి ఉంగరం మరొకటి దొరకడం అరుదు. ఆ చేతిపనిని ఇప్పుడు చేయించాలంటే పనివారు దొరకడం కష్టం, దొరికినా చాలా ఖర్చవుతుంది. అయితే దానితో పాటు దశాబ్దాల అరుగుదల, కంటికి కనపడని పాత అతుకులు కూడా వస్తాయి. ఈ రెండింటి నడుమ మూడో దారి ఒకటుంది. పాతకాలంలో సానపట్టిన వజ్రాన్ని కొని, దాని కొలతకు తగ్గట్టు కొత్త ఉంగరం చేయించుకోవడం. పాత అందం కావాలి, ఉంగరం రోజూ వేలికి ఉండాలి అనుకునేవారికి ఎక్కువ సందర్భాల్లో ఇదే సరిపోతుంది. రాయి అంత త్వరగా అరగదు, అరిగేది లోహం.

వజ్రానికి ఆ ఆకారం ఎలా వచ్చింది?

చాలా వజ్రాలు గనిలో ఎనిమిది ముఖాల స్ఫటికాలుగా దొరుకుతాయి. రెండు పిరమిడ్ల అడుగుభాగాలను ఒకదానికొకటి ఆనించినప్పుడు వచ్చే రూపం అది. పాత కోతల రహస్యమంతా ఈ ఆకారంలోనే ఉంది. వజ్రాన్ని అడ్డంగా కోసే రంపపు యంత్రాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గాని వాడుకలోకి రాలేదు. అంతకు ముందు పనివాడు స్ఫటికపు పైమొనను అరగదీసి చదును చేసేవాడు. ఎంత అరగదీస్తే అంత బరువు పొడిగా మారి పోతుంది కనుక వీలైనంత తక్కువ అరగదీసేవాడు. అందుకే పాత వజ్రాల్లో టేబుల్ అనే పై చదును పలక చిన్నది. పైభాగం ఎత్తుగా, కింది భాగం లోతుగా ఉంటుంది. ఇదంతా అలంకారం కోసం చేసిన పని కాదు, రాయిని పొదుపుగా వాడుకోవడం వల్ల వచ్చిన రూపం.

అంచు గుండ్రంగా కాక, మూలలు మొద్దుబారిన చతురస్రంలా ఉండటానికీ కారణం ఇదే. ఒక వజ్రాన్ని మరో వజ్రంతో చేత్తో రాసి అంచు దిద్దే రోజుల్లో పూర్తి గుండ్రం తేవాలంటే శ్రమ ఎక్కువ, నష్టం ఎక్కువ. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో భారత, బ్రెజిల్ గనుల రాళ్లలో ఎక్కువగా కనిపించే ఈ రూపమే ఓల్డ్ మైన్ కోత. 1860ల చివర దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడ్డాయి, 1870ల నుంచి ముడి రాయి ఎక్కువగా రావడం మొదలైంది. అదే దశాబ్దంలో బోస్టన్‌లో హెన్రీ మోర్స్ పనిశాల నుంచి అంచులు గుండ్రంగా దిద్దే యంత్రం వచ్చింది. ఫలితంగా గుండ్రటి ఓల్డ్ యూరోపియన్ కోత విస్తరించి, సుమారు 1890 నుంచి 1930 వరకు రాజ్యమేలింది.

1919లో బెల్జియంకు చెందిన ఇంజినీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ వజ్రంలోకి వెళ్లిన కాంతి ఎలా తిరిగి బయటికి వస్తుందో గణితంతో లెక్కగట్టాడు. రాయి వెడల్పులో 53 శాతం టేబుల్, పైభాగానికి 34.5 డిగ్రీల వాలు, కింది భాగానికి 40.75 డిగ్రీల వాలు ఉండాలని సూచించాడు. నేటి గుండ్రటి బ్రిలియంట్ కోతకు పునాది ఆ లెక్కలే. అప్పటికే రంపాలు రావడంతో ఒక స్ఫటికాన్ని రెండుగా కోసి రెండు రాళ్లు తీయడం సాధ్యమైంది. కోసిన చోట విశాలమైన చదును దానంతటదే ఏర్పడుతుంది కాబట్టి పెద్ద టేబుల్ వల్ల బరువు నష్టం లేకుండా పోయింది. పాత కోతలు కనుమరుగు కావడానికి ఫ్యాషన్ కొంత కారణమైతే, రంపం అంతకంటే పెద్ద కారణం.

కొవ్వొత్తి వెలుగు, ట్యూబ్‌లైటు వెలుగు

వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తే ఈ తేడా బయటపడుతుంది. పాత కోతలో కింది భాగపు పలకలు వెడల్పైనవి, తక్కువగా విడిపోయినవి. మెరుపులు కూడా పెద్దవిగా, నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. ఎత్తైన పైభాగం కాంతిని రంగులుగా విడదీసి ఎరుపు, నారింజ, నీలి జ్వాలలను చూపిస్తుంది. కొత్త బ్రిలియంట్‌లో సన్నటి పలకలు చాలా ఉంటాయి కాబట్టి చిన్న చిన్న తెల్లటి మెరుపులు ఒకేసారి కళ్లు చెదిరేలా వస్తాయి. ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అని కాదు. మెరుపు స్వభావమే వేరు.

ఓల్డ్ యూరోపియన్ వజ్రాన్ని భూతద్దంతో నేరుగా పైనుంచి చూస్తే టేబుల్ నడిమధ్యన చిన్న వృత్తం కనిపిస్తుంది. రాయి అడుగు మొన చిట్లిపోకుండా దాన్ని కాస్త చదును చేయడం వల్ల ఏర్పడిన క్యూలెట్ అనే పలక అది. రాయిని కొద్దిగా వంచితే ఆ చిన్న వృత్తమే పక్క పలకల్లో ప్రతిబింబించి, వరుసగా అనేక బిందువులై కనపడుతుంది. కొత్త రాయిలో ఇదే గుర్తును లోపమనుకుంటారు. పాత రాయిని ఇష్టపడేవారు దాన్ని వెతికి మరీ చూస్తారు.

ఇక్కడొక ఆచరణాత్మక విషయం ఉంది. ఈ కోతలు పుట్టిన కాలంలో రాత్రి వెలుతురంటే కొవ్వొత్తి, నూనెదీపం, గ్యాసుదీపం. చిన్న బిందువులాంటి వెలుగులో రంగుల జ్వాల బాగా తెలుస్తుంది. గది అంతటా సమంగా పరుచుకునే కార్యాలయపు వెలుతురులో అదే రాయి మందకొడిగా కనపడవచ్చు. నగల దుకాణాల్లో పైకప్పుకు బిగించే చిన్న చిన్న బల్బుల కింద దాదాపు ఏ వజ్రమైనా మెరుస్తుంది. అందుకే రాయిని కిటికీ దగ్గరి పగటి వెలుగులో, నీడలో, మామూలు ఇంటి దీపం కింద కూడా చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు.

రోజ్ కట్ వీటికి భిన్నమైనది. అడుగు పూర్తిగా చదునుగా, పైభాగం గోపురంలా ఉంటుంది. కింది భాగం లేనందువల్ల అదే బరువుకు పైనుంచి చూస్తే పెద్దదిగా కనిపిస్తుంది. కాని కాంతిని వెనక్కి తిప్పి పంపే శక్తి తక్కువ, అడుగున ఉన్నది కూడా కొంత కనిపిస్తుంది. ఓల్డ్ మైన్ సంగతి దీనికి తలకిందులు. బరువంతా లోతులో ఉంటుంది కనుక వెడల్పు తక్కువ. ఒక క్యారెట్ కొత్త గుండ్రటి వజ్రం దాదాపు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అదే బరువు ఉన్న లోతైన పాత రాయి అంతకంటే చిన్నదిగా ఉంటుంది. పాత కోతల విషయంలో క్యారెట్ల కంటే మిల్లీమీటర్లు అడగడం మేలు.

మెట్లు మెట్లుగా సానపట్టిన ఆషర్, ఎమరాల్డ్ కోతలు 1920లు, 1930ల నాటి ఆర్ట్ డెకో శైలి ఉంగరాలకు ప్రాణం. ఆషర్ కోతను 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన జోసెఫ్ ఆషర్ రూపొందించాడు. వీటిలో పలకలు పొడవుగా, విశాలంగా ఉండటంతో రాయి లోపలికి నేరుగా చూపు వెళ్తుంది. బ్రిలియంట్ కోతలో మెరుపుల మాటున దాగిపోయే చిన్న మచ్చ ఇక్కడ బయటపడుతుంది. కాబట్టి ఈ కోతలు ఎంచుకునేవారు స్వచ్ఛత విషయంలో ఒక మెట్టు పైకి వెళ్లాలి. ఓల్డ్ మైన్, ఓల్డ్ యూరోపియన్ కోతల విషయంలో స్వచ్ఛతలో, రంగులో కొంత సర్దుకున్నా నష్టం ఉండదు. పసుపు బంగారంలో పొదిగితే జె, కె, ఎల్ రంగుల (వజ్రాల రంగు కొలమానంలో లేత పసుపు ఛాయ ఉన్న శ్రేణుల) లేత వెచ్చదనం ఆ రాళ్లకు అందమే గాని కొరత కాదు.

లోహం వెనుక కథ

పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల ఉంగరాల్లో వజ్రాన్ని తరచుగా వెండిలో పొదిగి, ఆ వెండిని బంగారపు ఆధారంపై అతికేవారు. తెల్లటి లోహం వజ్రాన్ని మరింత తెల్లగా చూపిస్తుంది, వెనుక ఉన్న బంగారం వెండి మరక చర్మానికి అంటకుండా కాపాడుతుంది. ప్లాటినం ఉన్నా దాన్ని కరిగించడానికి దాదాపు 1768 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆక్సిజన్‌తో మండే బలమైన బర్నర్లు నగల పనిశాలలకు చేరాకే ఆ లోహంతో పని సులువైంది.

ఆ తర్వాతే ఎడ్వర్డియన్ (ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నాటి) ఉంగరాల లేసు అల్లికల అందం సాధ్యమైంది. ప్లాటినం గట్టిది, సాగే గుణమూ ఉంది. వెండితో చేస్తే వంగిపోయేంత సన్నటి తీగలు, రంపంతో తొలిచిన జాలీలు ప్లాటినంలో నిలబడతాయి. అంచుల వెంట ఆవగింజల వరుసలా కనిపించే చిన్న పూసల గీతను మిల్‌గ్రెయిన్ అంటారు. గాడి పెట్టిన చిన్న చక్రాన్ని లోహపు అంచు మీద ఒత్తుతూ నడిపితే అది ఏర్పడుతుంది. పదునైన లోహపు గీతను అది మెత్తబరచి, రాయికీ లోహానికీ నడుమ సరిహద్దు కనపడకుండా చేస్తుంది.

1920లు, 1930ల్లో ఆర్ట్ డెకో ఆ వంపులను జ్యామితిగా మార్చింది. ప్లాటినానికి బదులుగా 1910ల నుంచి మార్కెట్లోకి వచ్చిన వైట్ గోల్డ్‌తో అలాంటి ఉంగరాలు తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అందాయి. 1942లో అమెరికా ప్రభుత్వం ప్లాటినాన్ని యుద్ధ అవసరాలకే పరిమితం చేయడంతో నగలవాళ్లు మళ్లీ బంగారం వైపు తిరిగారు. 1940ల ఉంగరాల్లో ఎర్రటి, పసుపు బంగారపు బరువైన వంపులు ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఒక్కో కాలపు శైలి వెనుక ఇలా దొరికిన లోహమో, దొరకని లోహమో ఉంటుంది.

నేడు ఎంచుకునేవారికి దీని నుంచి నేరుగా పనికొచ్చే సంగతి ఒకటి దొరుకుతుంది. ఏ లోహం కోసం పుట్టిన నమూనాను ఆ లోహంలో చేయిస్తేనే అది నిలుస్తుంది. ఎడ్వర్డియన్ జాలీని 14 క్యారెట్ల వైట్ గోల్డ్‌లో పోత పోస్తే, ఆ తీగలు విరగకుండా ఉండేందుకు తయారీదారు వాటిని లావు చేయాల్సి వస్తుంది. లావు చేసిన లేసు మొద్దుగా కనిపిస్తుంది. పైగా వైట్ గోల్డ్‌పై ఉండే రోడియం అనే తెల్లటి లోహపు పూత వాడకంలో పోతుంది, మళ్లీ పూత వేయించే ముందు చేసే మెరుగులో మిల్‌గ్రెయిన్ కొంత అరుగుతుంది. కొన్ని వైట్ గోల్డ్ మిశ్రమాల్లో నికెల్ ఉంటుంది, దానికి చర్మం దురదపెట్టేవారు పల్లాడియం కలిపిన మిశ్రమం అడగాలి. ప్లాటినం మీద గీతలు పడతాయి గాని లోహం అంతగా ఊడిపోదు, పక్కకు జరుగుతుందంతే. అందుకే కాలం గడిచేకొద్దీ దానికి మసక మెరుపు వస్తుంది, పాత శైలికి అది చక్కగా నప్పుతుంది.

పోత, అచ్చు, చేతిపని

ఇప్పటి వింటేజ్ శైలి ఉంగరాల్లో అత్యధికం కంప్యూటర్‌లో గీసి, మైనపు నమూనా ముద్రించి, ఆ నమూనా చుట్టూ మూస కట్టి, మైనం కరిగిపోయిన చోట లోహం పోసి చేసినవి. ఈ పోత పద్ధతి ప్రాచీనమైనదే అయినా ఉంగరాల పరిశ్రమలో విస్తృతమైంది మాత్రం 1940ల ప్రాంతంలోనే. 1920ల నాటి జాలీ ఉంగరాలను ఎక్కువగా ఉక్కు అచ్చుల మధ్య లోహాన్ని బలంగా ఒత్తి, తర్వాత చేత్తో రంపం పట్టి తొలిచి, నగిషీ చెక్కి పూర్తి చేసేవారు. ఒత్తిడికి లోహం గట్టిపడుతుంది, అంచులు పదునుగా తేలుతాయి. పోతలో లోహం చల్లారేటప్పుడు కంటికి ఆనని గాలి రంధ్రాలు మిగిలే ప్రమాదం ఉంది. నగిషీ కూడా మూసలో నుంచే వస్తుంది కాబట్టి గీత అడుగు గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చేతిలో ఉంటే ఈ తేడా పసిగట్టడం కష్టం కాదు. ఉలితో చెక్కిన గీత లోపలి గోడలు అద్దంలా మెరుస్తాయి. గీత మొదలైన చోట సన్నగా ఉండి, మధ్యలో లావై, చివర మళ్లీ సన్నబడుతుంది. పోతలో వచ్చిన గీతకు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు, లోపల మసక. చేత్తో ఒత్తిన మిల్‌గ్రెయిన్ పూసలు విడివిడిగా తెలుస్తాయి, పోతలో వచ్చినవి ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఉంగరాన్ని తిరగేసి జాలీ లోపలి వైపు చూడాలి. కనపడని ఆ వైపు కూడా శుభ్రంగా దిద్ది ఉంటే, కనపడే వైపు గురించి దిగులు అక్కరలేదు.

పోత పోసినదంతా నాసిరకం అనుకోవడం తప్పు. మంచి పనిశాలలు ఆధారాన్ని పోత పోసి, మిల్‌గ్రెయిన్, నగిషీ, రాయి పొదుగు మాత్రం చేత్తో చేస్తాయి. ధరకు, పనితనానికి మధ్య అది న్యాయమైన ఒప్పందం. అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నగిషీ మూసలో వచ్చిందా, తర్వాత చెక్కారా?

మధ్యరాయి వజ్రమే కావాలా?

నిశ్చితార్థపు ఉంగరం అంటే వజ్రమే అన్న అలవాటు అనుకున్నంత పాతది కాదు. ఆరు కొక్కేలతో వజ్రాన్ని వలయం మీదికి ఎత్తి నిలిపే, అమెరికా నగల సంస్థ టిఫనీ నమూనా 1886లో వచ్చింది. ‘వజ్రం శాశ్వతం’ అన్న భావాన్ని వజ్రాల సంస్థ డి బీర్స్ ప్రకటనలు ఊరూరా చేర్చింది 1940ల చివరి నుంచి. అంతకు ముందు రంగురాళ్లకు గట్టి చోటే ఉండేది. 1981లో డయానా ఎంచుకుని, 2010లో కేట్ మిడిల్టన్ వేలికి చేరిన నీలపు ఉంగరం ఆ పాత తరహాకు అందరూ ఎరిగిన ఉదాహరణ.

రంగురాయి ఎంచుకునేటప్పుడు కాఠిన్యం లెక్కలోకి వస్తుంది. ఇంట్లో పేరుకునే ధూళిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి, వాటి కాఠిన్యం మోస్ కొలమానంలో పదికి 7. అంతకంటే మెత్తని రాయిని గుడ్డతో తుడిచినా కాలక్రమంలో గీతలు పడతాయి. నీలం, కెంపు 9 దగ్గర ఉంటాయి కాబట్టి రోజువారీ వాడకానికి నిశ్చింత. పచ్చ కాఠిన్యం 7.5 నుంచి 8 ఉన్నా లోపలి పగుళ్ల వల్ల దెబ్బకు తట్టుకోదు. ఆ పగుళ్లను నూనెతో నింపడం మామూలే కనుక అల్ట్రాసోనిక్ యంత్రంలో శుభ్రం చేయకూడదు. ఒపల్, మూన్‌స్టోన్, ముత్యం పాత ఉంగరాల్లో అందంగా కనిపిస్తాయి గాని అవి ఎప్పుడో ఒకసారి పెట్టుకునే నగలకే తగినవి. రోజూ పెట్టుకోవాలంటే రాయి చుట్టూ లోహపు గోడ కట్టే బెజెల్ పొదుగు తప్పనిసరి, అదైనా గీతల నుంచి కాపాడదు.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాల వల్ల పాత కోతలకు కొత్త ఊపిరి వచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1955లో కృత్రిమ వజ్రాన్ని ప్రకటించింది, ఇప్పుడు నగలకు తగిన పెద్ద రాళ్లు విరివిగా తయారవుతున్నాయి. వాటి రసాయన నిర్మాణం సహజ వజ్రానిదే. ముడి రాయి చవక కాబట్టి సానపట్టేవారు బరువు గురించి బెంగ లేకుండా పాత కోతను పూర్తి సౌష్ఠవంతో తీయగలుగుతున్నారు. అయితే ఆ సౌష్ఠవమే కొందరికి నచ్చదు. చేత్తో సానపట్టిన పాత రాయిలోని చిన్న వంకర వీటిలో ఉండదు. తిరిగి అమ్మినప్పుడు వచ్చే విలువ కూడా సహజ రాయితో పోలిస్తే బాగా తక్కువ. వజ్రానికి బదులుగా వాడే మోయిసనైట్ అనే రాయి కాఠిన్యం 9.25, రంగుల జ్వాల వజ్రం కంటే రెండింతలకు పైనే. పాత కోతలో అది ఇంద్రధనుస్సులా మరీ ఎక్కువగా మెరుస్తుంది, ఓల్డ్ మైన్ నెమ్మదితనం అందులో దొరకదు.

కృత్రిమ రాయి కనిపించగానే పాత ఉంగరాన్ని నకిలీ అని కొట్టిపారేయకూడదు. 1902లో ఫ్రాన్స్‌కు చెందిన ఒగ్యూస్త్ వెర్నయ్ కృత్రిమ కెంపుల తయారీని ప్రకటించాడు, కొన్నేళ్లకే నీలాలూ వచ్చాయి. వజ్రం చుట్టూ గళ్లకు సరిపోయేలా కోసిన సన్నటి నీలాలు, కెంపులు పెట్టడం ఆర్ట్ డెకో లక్షణం. అలా కొలతకు కోయడానికి కృత్రిమ రాళ్లను అప్పట్లో ధారాళంగా వాడారు. వాటిని భూతద్దంలో చూస్తే వంపు తిరిగిన సన్నటి పెరుగుదల గీతలు, గాలి బుడగలు కనిపించవచ్చు. అవి ఉన్నాయంటే ఆ ఉంగరం నిజంగా 1920లదే అయి ఉండటానికి అవకాశం ఉంది. వాటికి సహజ రాళ్ల ధర కట్టకపోతే చాలు.

రోజూ పెట్టుకుంటే

పాత ఉంగరాల్లో చాలా వాటికి ఇంత పని చెప్పలేదు. పగలంతా కీబోర్డు మీద, బండి హ్యాండిల్ మీద, వ్యాయామశాలలో ఇనుప కడ్డీల మీద ఉంగరం రాసుకోవడం ఇప్పటి జీవితం. అరచేతి వైపు వలయం 1.5 మిల్లీమీటర్ల కంటే పలుచగా ఉంటే అది వంగే, తెగే అవకాశం ఎక్కువ. రాయిని పట్టి ఉంచే కొక్కేల కొసలు అరిగి పలుచబడితే ఒకరోజు రాయి జారిపోతుంది. బట్టలకు తగులుకుంటున్న కొక్కెం లేచిందని అర్థం. చిన్న చిన్న వజ్రాలు వరుసగా పొదిగిన ఉంగరంలో ఒక్కో రాయినీ పట్టి ఉంచేది ఆవగింజంత లోహపు పూసలే. ఎన్ని చిన్న రాళ్లుంటే అంత మరమ్మతు.

జాలీలు, ఎత్తైన గూళ్లు సబ్బునూ క్రీములనూ పట్టి ఉంచుతాయి. రాయి అడుగున ఆ జిడ్డు చేరితే ఎంత మంచి కోతైనా మసకబారుతుంది. గోరువెచ్చని నీరు, మెత్తని బ్రష్షు చాలు. అయితే వెనుక మూసి ఉండి, రాయి కింద మెరిసే రేకు పెట్టిన పద్దెనిమిదో శతాబ్దపు పొదుగులను మాత్రం నీటిలో ముంచకూడదు. తడి తగిలితే రేకు నల్లబడి రాయి శాశ్వతంగా కళ తప్పుతుంది.

కొలత మార్చడం మరో చిక్కు. వలయం చుట్టూతా నగిషీ గాని రాళ్లు గాని ఉంటే పెద్దది, చిన్నది చేయడం దాదాపు అసాధ్యం, చేసినా నమూనా తెగుతుంది. అరచేతి వైపు కొంత భాగం ఖాళీగా వదిలిన నమూనా ఎంచుకుంటే భవిష్యత్తులో వేలు మారినా ఉంగరం పనికొస్తుంది. వేలి కొలత ఉదయం, సాయంత్రం ఒకలా ఉండదు, చలికి తగ్గుతుంది, ఎండకు పెరుగుతుంది. వెడల్పైన ఉంగరానికి కాస్త పెద్ద కొలత కావాలి.

పెళ్లి ఉంగరాన్ని దీని పక్కనే పెట్టుకోవాలనుకునేవారు ఆ సంగతి ఇప్పుడే ఆలోచించాలి. మధ్యరాయి చుట్టూ పూవులా విచ్చుకున్న నమూనాలు, తక్కువ ఎత్తులో పొదిగినవి పక్క ఉంగరాన్ని దగ్గరికి రానివ్వవు. అప్పుడు వంపు తిరిగిన జతను ప్రత్యేకంగా చేయించుకోవాలి. రెండూ ఒకే లోహమైతే మంచిది. వేర్వేరు లోహాలు నిత్యం రాసుకుంటే మెత్తనిది ముందుగా అరుగుతుంది.

నిజంగా పాతదేనా?

పాతదని చెప్పి అమ్మే ఉంగరంలో అన్ని గుర్తులూ ఒకే కాలాన్ని చెప్పాలి. 1915 నాటిదంటున్న ఉంగరంలో పెద్ద టేబుల్ ఉన్న నేటి బ్రిలియంట్ కనిపిస్తే రాయినైనా మార్చి ఉండాలి, ఉంగరమైనా కొత్తదై ఉండాలి. అరుగుదల కూడా సాక్ష్యమే. అరచేతి వైపు, కొక్కేల కొసల్లో, ఎత్తైన అంచుల్లో ఎక్కువగా అరగాలి. అన్ని వైపులా సమంగా మసకగా ఉంటే అది రసాయనంతో తెప్పించిన పాతదనం కావచ్చు.

ముద్రలు మరింత గట్టి ఆధారం. ఫ్రాన్స్‌లో 18 క్యారెట్ల బంగారానికి 1838 నుంచి గద్ద తల, ప్లాటినానికి 1912 నుంచి కుక్క తల ముద్ర ఉంది. బ్రిటన్‌లో ప్లాటినానికి అధికారిక హాల్‌మార్క్ 1975లో గాని మొదలు కాలేదు. కాబట్టి ఆ ముద్ర ఉన్న ఉంగరాన్ని ఎడ్వర్డియన్ అని అమ్ముతుంటే ముద్రనే నమ్మాలి. అయితే పాత ఉంగరం తర్వాతి కాలంలో మళ్లీ పరీక్షకు వెళ్లి కొత్త ముద్ర పొందే అవకాశం ఉంది కనుక ఒక్క ముద్రతోనే తీర్పు చెప్పకూడదు. 750 అంటే 75 శాతం బంగారం, 585 అంటే 58.5 శాతం, 950 సాధారణంగా ప్లాటినం. ఇవి స్వచ్ఛతను చెబుతాయి గాని వయసును చెప్పవు.

ధ్రువపత్రం ఎంతవరకు?

అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ రంగు, స్వచ్ఛత, బరువులను పాత కోతలకూ కొలిచి ఇస్తుంది. పత్రంపై ఓల్డ్ మైన్ బ్రిలియంట్ అనో, ఓల్డ్ యూరోపియన్ బ్రిలియంట్ అనో రాస్తుంది. కోతకు మార్కు మాత్రం నేటి గుండ్రటి బ్రిలియంట్‌కే ఇస్తుంది. అంటే పాత కోతలో అందాన్ని నిర్ణయించే ముఖ్యమైన అంశం పత్రంలో ఉండదు, దాన్ని కళ్లతోనే తేల్చుకోవాలి. ఒకే రంగు, ఒకే స్వచ్ఛత, ఒకే బరువు ఉన్న రెండు ఓల్డ్ మైన్ రాళ్లలో ఒకటి జీవంతో తొణికిసలాడవచ్చు, మరొకటి మధ్యలో చీకటి గుంటలా ఉండవచ్చు. ఫొటో చూసి కొనడం ఇక్కడే దెబ్బతీస్తుంది. కనీసం కదిలే వీడియో, వీలైతే తిరిగి ఇచ్చే గడువు ఉండాలి.

బీమా కోసం రాసే విలువ వేరు, అమ్మితే వచ్చే విలువ వేరు. మొదటిది అలాంటి వస్తువును మళ్లీ సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చు కాబట్టి ఎక్కువగా ఉంటుంది. చేత్తో చేసిన పాత ఉంగరానికి మదింపు వేసేటప్పుడు పోత పోసిన నకలు ఖర్చును లెక్కలోకి తీసుకుంటే నష్టపరిహారం చాలదు, కనుక తయారీ పద్ధతిని మదింపు పత్రంలో రాయించాలి. మదింపు వేసేవారు ఆ ఉంగరాన్ని అమ్మినవారు కాకుండా ఉండటం అవసరం. ఇక రసీదులో రాయి సహజమా, ప్రయోగశాలదా, దానికి ఏదైనా శుద్ధి (పగుళ్లను నూనెతో నింపడం లాంటిది) చేశారా, లోహపు స్వచ్ఛత ఎంత, కోత పాతదా లేక పాత తరహాలో కొత్తగా సానపట్టిందా, ఉంగరం తయారైంది సుమారుగా ఏ కాలంలో అన్నవి విడివిడిగా ఉండాలి. వీటిలో దేన్నైనా నోటితో చెప్పి కాగితంపై రాయడానికి అమ్మేవారు వెనకాడితే, ఆ మాటకు ధర చెల్లించకూడదు.